మా పెద్దమ్మ జనం కాదా?

2023 జనవరి 23, సోమవారం. సంక్రాంతి వెళ్ళి వారం దాటింది. జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మా పెద్దమ్మ ఇంట్లో అరిసెల డబ్బా అడుగుకొచ్చేసింది. రాత్రి ఏడున్నర. జార్ఖండ్ చలికి తలుపులన్నీ బిగించుకుని, కాళ్ళ మీద రజాయి కప్పుకుని నలుగురు ఆడవాళ్ళు ‘కార్తీకదీపం’ ఆఖరి ఎపిసోడ్ చూశారు. ఇద్దరు మగవాళ్ళు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చూశారు. 2017 అక్టోబరు నుంచి 1569 ఎపిసోడ్లు. శుభం పడింది. మర్నాడు అదే వేళకు అదే చోట ‘బ్రహ్మముడి’ మొదలైంది.

“ఏటిరా, అంత బాగా నడుస్తన్నదాన్ని ఎందుకు తీసీసినారు?” అంది పెద్దమ్మ.

పక్కింటి మాష్టారు పేపరు మడిచి పెట్టారు. “జనం చూడ్డం మానేశారు వదినగారూ. టీఆర్పీ పడిపోయింది. అంతే మరి, మార్కెట్టు.”

“నాను సూత్తన్నాను కదా. నాను జనం కానేటి?”

మాష్టారు నవ్వేశారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ గదిలో ఆ సాయంత్రం అడగవలసిన ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే.

మాష్టారు చెప్పిన మాటే పత్రికల సినిమా పేజీల్లో ఉంటుంది, యూట్యూబ్ కబుర్లలో ఉంటుంది. సీరియల్ పోయింది, రేటింగ్ పడింది కాబట్టి పోయింది, రేటింగ్ పడిందంటే జనం వద్దన్నారన్నమాట. అందరి చేతుల్లోనూ రిమోట్ అనే ఓటు ఉంది, ఓటు పడినవాడు ఉంటాడు, పడనివాడు ఇంటికి పోతాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఛానల్ పాపం నిమిత్తమాత్రురాలు. ఈ మాటను నేను ఒప్పుకోను. బాగా ఆడుతూ ఏళ్ళ తరబడి నడిచిన సీరియళ్ళ విషయంలో ఇది దాదాపు ఎప్పుడూ అసలు కారణం కాదు. వంద ఎపిసోడ్లు నిండకుండానే ఊపిరి వదిలే వాటి సంగతి వేరు, వాటిని నిజంగానే ఎవరూ చూడరు.

నేను సీరియళ్ళ భక్తుణ్ణి కానని ముందే చెప్పేస్తున్నాను. కార్తీకదీపంలో భార్య దీప మీద అనుమానంతో డాక్టర్ బాబు కార్తీక్ ఏళ్ళకేళ్ళు కుమిలిపోవడం, దేశమంతా “ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకో నాయనా” అని మొత్తుకోవడం నాకూ నవ్వులాటగానే ఉండేది. స్వయంగా డాక్టరు కూడాను. మొదటి నెలలోనే ముగిసిపోవలసిన కథ అది. కాని “కథ అయిపోయింది కాబట్టి ఆపేశారు” అనేవాళ్ళకు నా జవాబు కూడా ఇదే. మొదటి నెలలో అయిపోయిన కథను అయిదేళ్ళు నడిపిన చేతులకు ఆరో ఏడు నడపడం చేతకాదా? డైలీ సీరియల్‌కు కథ అయిపోవడం అంటూ ఉండదు. అయిపోయింది అని పైనుంచి ఎవరో చెబితే అయిపోతుంది.

ఇక ఓటు సంగతి. ఓటర్ల జాబితా ఒకసారి తిరగేద్దాం.

దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 21 కోట్లని రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థే 2020లో చెప్పింది. కార్తీకదీపం ఆగే నాటికి మీటర్లు పెట్టిన ఇళ్ళు 55 వేలకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక్కొక్క ఇల్లు సుమారు 3,800 ఇళ్ళ తరఫున టీవీ చూస్తుంది. నమూనా తీసి లెక్కకట్టడంలో తప్పులేదు, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకునే చూస్తాం. కాని ఏ గిన్నెలోంచి మెతుకు తీశారన్నది చూడాలి కదా. తెలుగు ఛానళ్ళ జాతకం తేల్చే అంకె ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపిన ఒక మార్కెట్‌ది. ప్రతి గురువారం బయటికొచ్చే పట్టిక అదే. జంషెడ్‌పూర్ దానిలో లేదు. మాది బీహార్-జార్ఖండ్ లెక్క. ఇక్కడ పది ఇళ్ళల్లో మీటర్లు పెట్టి పదింటిలోనూ కార్తీకదీపమే చూశారనుకోండి, హైదరాబాద్‌లో స్లాట్ అమ్మే మనిషికి ఆ అంకెతో పని ఉండదు.

టాటాలు ఇక్కడ ఉక్కు కంపెనీ పెట్టింది 1907లో. ఆ తర్వాత రెండు మూడు తరాల పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్ళు రైలెక్కి వచ్చి కొలుముల దగ్గర పనికి కుదిరారు. బిష్టూపూర్‌లో రామాలయం కట్టుకున్నారు. కదమాలో, సిద్ధగోరాలో, బారీడీహ్‌లో క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. పిల్లలు బడిలో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లో మాత్రం “ఏటి, ఎలగ”. మూడో తరానికి ఆ ఇంట్లో మాట కూడా పలచబడుతుంటే దాన్ని పట్టి నిలిపిన వాటిల్లో సాయంత్రం సీరియల్ ఒకటి. పెద్దమ్మ మనవరాలికి “అనుమానం”, “అపార్థం”, “ఆత్మాభిమానం” అనే మాటలు దీప నోటివెంటే వచ్చాయి, మా ఎవరి నోటి నుంచీ కాదు. (అపార్థం అన్న మాట ఆ పిల్ల ఇప్పటికీ అవసరమున్నా లేకపోయినా వాడుతుంది.)

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. మా వీధి కేబుల్ అబ్బాయి, బీహారీ కుర్రాడు, “ఎన్ని ఇళ్ళవాళ్ళు చూస్తారో చెప్పండి, అప్పుడు పెడతాను” అన్నాడు. తనే స్వయంగా ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి అడిగాడు. పదకొండు ఇళ్ళు తేలాయి. పెట్టాడు. నా ఎరికలో టీవీ విషయంలో సిద్ధగోరా తెలుగువాళ్ళను ఎవరైనా లెక్కపెట్టారంటే అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత డిష్షులు వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చింది, ఏ ఛానల్ కావాలో ఎంచుకుని దానికి డబ్బు కట్టమన్నారు. హైదరాబాద్‌లో తెలుగు ఛానళ్ళు అందరికీ ఉండేవే. మాకు హిందీ ప్యాక్ మీద తెలుగు ప్యాక్ అదనం. అంటే చూడ్డానికి చేతిలోంచి రూపాయి తీసి ఇచ్చేవాళ్ళం మేము, లెక్కలోకి రానివాళ్ళమూ మేమే. పెద్దమ్మ మనవడు అదే ఎపిసోడ్‌ను హాట్‌స్టార్‌లో పొద్దున్న ఆరింటికే చూసేసి సాయంత్రం ఏం జరగబోతోందో ముందే చెప్పి తిట్లు తినేవాడు. వాడు ఫోన్‌లో చూసినదీ ఆ గురువారం పట్టికలోకి ఎక్కదు.

ఇదంతా పరాయి రాష్ట్రంలో ఉన్నవాళ్ళ ఏడుపు, ఆంధ్రా తెలంగాణల్లో ఉన్నవాళ్ళకైనా ఓటు ఉంది కదా అంటారేమో. అక్కడా ఓట్లన్నీ ఒక్క విలువవి కావు. ఇళ్ళను తరగతులుగా విడగొట్టడానికి ఒక పద్ధతి ఉంది: ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఎంత చదివాడు, పదకొండు వస్తువుల జాబితాలో ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, కారు లాంటివి ఎన్ని ఆ ఇంట్లో ఉన్నాయి. ఆ తరగతినీ, చూసేవాళ్ళ వయసునూ బట్టి ప్రకటనదారు బేరమాడతాడు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ చూపూ పాతికేళ్ళ కోడలి చూపూ టీవీ తెరకు ఒకటే కావచ్చు, షాంపూ కంపెనీకి కాదు. ఎన్నికల్లో ఫ్రిజ్జు ఉన్నవాడి ఓటుకు ఎక్కువ విలువ అంటే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం దాన్నే “జనం తీర్పు” అంటున్నాం.

పెద్దమ్మ చూసే అరగంటలో వచ్చే ప్రకటనలు గమనించాను. విశాఖలో పట్టుచీరల కొట్టు, విజయవాడలో నగల కొట్టు, హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు. సిద్ధగోరాలో ఉన్న ఆవిడ వీటిలో ఏం కొంటుంది? కొనని మనిషికి చూపించడం ప్రకటనదారుకు దండగ, ఆ దండగ మనిషి కోసం సీరియల్ ఉంచడం ఛానల్‌కు దండగ. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, వ్యాపారం. వ్యాపారమని చెప్పండి. “జనం మానేశారు” అని చెప్పకండి.

సరే, రేటింగ్ పడింది కదా, అది అబద్ధమా? అబద్ధం కాదు. కాని ఎందుకు పడింది? ఒకప్పుడు ఆ సీరియల్‌కు ఎంత పిచ్చి ఉండేదంటే, 2020 ఐపీఎల్ మ్యాచ్‌లు ఏడున్నరకే పెట్టారని, కార్తీకదీపానికి అడ్డొస్తోంది కాబట్టి ఎనిమిదికి జరపమని సిరిసిల్ల కుర్రాడొకడు ఫిర్యాదు పెడితే ఛానల్‌వాళ్ళే వాళ్ళింటికి టీవీ పంపారు. అలాంటి సీరియల్‌లో 2022లో ఏం చేశారో గుర్తుందా? కథానాయకుణ్ణీ నాయికనూ ప్రమాదంలో తీసేసి, కథను ‘లీప్’ అంటూ ఏళ్ళు ముందుకు దూకించి, పిల్లలిద్దర్నీ పెద్దవాళ్ళను చేసి కొత్త జంటలతో నడిపారు. జనం ఎవరికోసం చూస్తున్నారో ఆ ఇద్దర్నీ తీసేశాక జనం కొంత పోయారు. కొన్ని నెలలకు ఆ ఇద్దర్నీ మళ్ళీ బతికించి తెచ్చారు. పోయినవాళ్ళందరూ తిరిగి రాలేదు. ఏడాది తిరక్కుండా శుభం. వరసగా చెప్పుకుంటే లీప్ ముందు, రేటింగ్ తర్వాత. కొమ్మ నరికినవాడే “చూశారా, ఎండిపోయింది” అంటే చెట్టును తప్పుపడదామా?

వేళ మార్చడం ఇంకో పద్ధతి. కార్తీకదీపం చోటులోకి వచ్చిన బ్రహ్మముడి త్వరలోనే పట్టిక పైకెక్కి చాలాకాలం అక్కడే ఉంది. 2024 నవంబరులో ఆ ఏడున్నర చోటును ‘ఇల్లు ఇల్లాలు పిల్లలు’కు ఇచ్చి బ్రహ్మముడిని మధ్యాహ్నం ఒంటిగంటకు పంపారు. మధ్యాహ్నం ఉద్యోగాలకు పోయినవాళ్ళు చూడరు. రేపు దాని అంకె చూపించి “పడింది చూడండి” అనడం ఎవరికైనా తేలికే. అమెరికాలో ‘మర్డర్ షి రోట్’ అనే సీరియల్ 1984 నుంచి ఆదివారం రాత్రుళ్ళు పదకొండేళ్ళు వెలిగింది. చూసేవాళ్ళలో వయసైనవాళ్ళు ఎక్కువ. పన్నెండో ఏట దాన్ని గురువారానికి మార్చి, కుర్రకారు ఎగబడి చూస్తున్న ‘ఫ్రెండ్స్’కు ఎదురుగా కూర్చోబెట్టారు. 1996లో మూత.

అసలు ఛానల్ అమ్మే సరుకు ఏమిటన్నది తేలితే సగం చిక్కు వీడిపోతుంది. మా ఊరి సాక్చీ బజార్లో దుకాణాల యజమానిని తలుచుకోండి. గదులు తనవి. ఒక గదిలో అద్దెకున్న మిఠాయి కొట్టు బ్రహ్మాండంగా నడుస్తోంది, జనం వరస కడుతున్నారు. అయినా ఎక్కువ అడ్వాన్సు ఇచ్చే సెల్‌ఫోన్ల కొట్టు వస్తానంటే ఖాళీ చేయిస్తాడు. “మిఠాయి ఎవరూ తినడం లేదు” అని ఎవరైనా అంటే మనం ఫక్కున నవ్వుతాం. టీవీలో ఆ గదుల్నే స్లాట్ అంటారు. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా అరగంట చొప్పున ఎనిమిది గదులు, తొమ్మిదోది కట్టడానికి వీల్లేదు. ప్రకటనలకూ నిబంధన ఉంది, గంటకు 12 నిమిషాలు. అందులో రెండు ఛానల్ సొంత డప్పుకు, పది అమ్మకానికి. అంటే ఒక అరగంట గదిలో అమ్ముకోగలిగింది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలకు పది సెకన్ల లెక్కన ఎంత వస్తుందన్నదే ప్రశ్న, ఎంతమంది చూస్తున్నారన్నది ఆ లెక్కలో ఒక పద్దు మాత్రమే.

ఇంకో పద్దు ఖర్చు. సీరియల్ ముదిరేకొద్దీ నటుల రోజుకూలీ పెరుగుతుంది, పెరగాలి కూడా. అయిదేళ్ళ కింద ఎవరికీ తెలియని అమ్మాయి ఇవాళ ఇంటింటి కోడలు. కొత్త సీరియల్‌లో కొత్త మొహాలు, పాత రేట్లు. కథ మరో భాషలో ఆడి నిగ్గుతేలినదైతే ఇంకా ధీమా. కార్తీకదీపం మలయాళ ‘కరుత్తముత్తు’ నుంచి వచ్చింది, బ్రహ్మముడి బెంగాలీ ‘గాట్‌ఛొడా’ నుంచి. పైగా కొత్తదానికి ప్రోమోలు, హోర్డింగులు, “త్వరలో” అనే ఆర్భాటం ఉంటాయి. ఆరేళ్ళ పాతదానికి హోర్డింగ్ కట్టినవాణ్ణి నేను చూడలేదు. కాబట్టి పాతది ఇంకా లాభంలో ఉండగానే దాని గది కొత్తదానికి ఇస్తే ఎక్కువ రావచ్చని ఒక పట్టికలో తేలుతుంది. ఆ పట్టికలో సరిగ్గా తేలుతుందా, ఊహలో తేలుతుందా అన్నది వేరే సంగతి. చాలాసార్లు కొత్తది బోల్తాపడుతుంది.

ఇది మన దగ్గర పుట్టిన తెలివి కాదు. 1970-71లో అమెరికాలో సీబీఎస్ ఛానల్, రాబర్ట్ వుడ్ అధ్యక్షతన, పల్లెటూరి కథలన్నింటినీ ఊడ్చేసింది. ‘బెవర్లీ హిల్‌బిల్లీస్’, ‘గ్రీన్ ఏకర్స్’, ‘మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.’, ‘హీ హా’ అన్నీ ఒక్క ఊపులో పోయాయి. వీటిలో మేబెర్రీ, హీ హా ఆ ఏడాది మొదటి ఇరవై కార్యక్రమాల్లో ఉన్నాయి. జనం చూస్తూనే ఉన్నారు, కాకపోతే చూసేవాళ్ళు పల్లెటూళ్ళవాళ్ళు, వయసైనవాళ్ళు. పట్నం కుర్రకారు కావాలి ప్రకటనదారుకు. అంటే, పెద్దమ్మా, నువ్వు ఒంటరిదానివి కావు, టెన్నెసీ కొండల్లో నీలాంటి ముసలమ్మలు నీకంటే యాభై ఏళ్ళ ముందే జనం కాకుండా పోయారు. హీ హా మాత్రం చావలేదు. ఊరూరి స్టేషన్లకు విడిగా అమ్ముకుంటూ ఇంకో ఇరవై ఏళ్ళు బతికింది. ఎవరూ చూడని కార్యక్రమం ఇరవై ఏళ్ళు ఎలా బతుకుతుందో మాష్టారు చెప్పాలి.

అదే ఛానల్‌లో 1967లో జరిగింది ఇంకా వినోదం. ‘గన్‌స్మోక్’ను తీసేద్దామనుకున్నారు. అది ఛానల్ అధినేత విలియం పేలీకి ఇష్టమైన సీరియల్. తీయడానికి వీల్లేదన్నాడు. దానికి చోటు చూపించడం కోసం ‘గిలిగన్స్ ఐలండ్’ మెడకు ఉరి బిగించారు. గన్‌స్మోక్ ఆ తర్వాత 1975 దాకా నడిచింది. ఆ రోజు తెగిన రెండు తీర్పుల్లోనూ జనం ఎక్కడున్నారు?

మన దేశానికి వస్తే, జంషెడ్‌పూర్‌లో ఏ భాషవాళ్ళైనా చూసిన సీరియల్ ఒకటుంది, ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’. 2000 జులైలో మొదలై 1833 ఎపిసోడ్లు నడిచి 2008 నవంబరు 6న ఆగింది. చివర్లో రేటింగ్ బాగా దిగజారిన మాట నిజం. కాని ఆ ఏడాది ఆగస్టులో దాన్ని ప్రసారం చేసిన స్టార్‌కూ తీసిన బాలాజీ టెలిఫిల్మ్స్‌కూ మధ్య ఏళ్ళుగా ఉన్న ప్రత్యేక బంధం తెగింది. రెండు నెలలు తిరక్కుండా అక్టోబరు 9న బాలాజీవారిదే ‘కహానీ ఘర్ ఘర్ కీ’, ఇంకో నెలకు క్యోంకీ. ఆపవద్దని బాలాజీ బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది కూడా. వద్దన్నది జనమే అయితే కోర్టుకెళ్ళడమెందుకు, జనం దగ్గరికే వెళ్ళేవాళ్ళు. జనం వద్దన్న ఆ సీరియల్‌నే 2025 జులైలో అదే స్టార్ ప్లస్ అదే కథానాయిక తులసితో మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేడేళ్ళలో ఆ జనం మనసు మార్చుకున్నారా, లెక్కల పట్టిక మారిందా?

ఎదురు ఉదాహరణలు తెస్తారని తెలుసు. ఈటీవీలో ‘అభిషేకం’ 2008 నుంచి 2022 దాకా నడిచింది కదా, జనం చూశారు కాబట్టే కదా? టాప్ సీరియళ్ళ ముచ్చట్లలో దాని పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. ఊరంతా మాట్లాడుకున్న కార్తీకదీపం అయిదేళ్ళకే వెళ్ళిపోయింది, ఎవరూ పెద్దగా మాట్లాడుకోని అభిషేకం పదమూడేళ్ళు దాటింది. జనాదరణే ఆయుష్షు అయితే ఈ లెక్క తలకిందులుగా ఉండాలి. పొలాల కబుర్లు చెప్పే దూరదర్శన్ ‘కృషి దర్శన్’ 1967 నుంచి నడుస్తోంది. దాని బతుకు షాంపూ కంపెనీ చేతిలో లేదు. ఎంతకాలం నడపాలన్నది చూసేవాళ్ళ తలల్ని బట్టి కంటే, నడిపేవాడు డబ్బు ఎక్కడినుంచి తెచ్చుకుంటాడన్న దాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది.

“అయితే ఏమంటావ్, ఎప్పటికీ తీయకూడదా?” అన్నారు మాష్టారు ఈ మధ్య, ఈ గొడవ మళ్ళీ లేచినప్పుడు. తీయండి. తీసేవాళ్ళకు హక్కుంది, గదులు వాళ్ళవి. అమ్ముకోవడానికి అక్కర్లేని మనిషిని వదిలేసుకునే హక్కూ ఉంది. నేను గొడవపడేది ఆ పని మా పెద్దమ్మ పేరు పెట్టి చేస్తున్నందుకు. ఆవిడ అయిదేళ్ళు రోజూ ఏడున్నరకు కూర్చుంటే లెక్కలోకి తీసుకోలేదు, చివరికి పోయినప్పుడు మాత్రం “మీరే వద్దన్నారు” అంటున్నారు. ఈ మాట వల్ల ఛానల్‌కు సంజాయిషీ చెప్పే పని తప్పుతుంది. రేపటినుంచి షూటింగ్ లేదని తెలిసిన లైట్‌బాయ్, మేకప్ మనిషి, మెట్ల మీద నిలబడే నాలుగు డైలాగుల నటి ఎవర్ని అడగాలి? జనాన్ని అడగమంటారు. జనం ఫోన్ నెంబర్ ఎవరి దగ్గరుంది?

2024 మార్చి 25న ‘కార్తీకదీపం’ రెండోది మొదలైంది. అదే దీప, అదే కార్తీక్, కాని కథ వేరు, పాతదానికీ దీనికీ పొత్తు లేదు. పెద్దమ్మకు అది మింగుడుపడ్డానికి వారం పట్టింది. “మొన్న ఇద్దరూ మొగుడూ పెళ్ళాలే కదా, ఇప్పుడు ఎరగనట్టు సూసుకుంటారేటి?” మాష్టారు విడమరిచి చెప్పబోయారు. ఆవిడ వినలేదు, దీపను చూస్తోంది.

ఆ తర్వాత నవంబరు నుంచి ఇంట్లో భోజనాల వేళ మారింది. అల్లుడు పొద్దుటి షిఫ్టు దిగి రెండు దాటాక వస్తాడు. అతనితోపాటు కూర్చుని తినడం ఆవిడకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఇప్పుడు పన్నెండున్నరకే పప్పు దించేసి, అన్నం గిన్నె మీద మూతపెట్టి, తన కంచం ముందేసుకుని టీవీ ముందు కూర్చుంటోంది. అల్లుడి కంచం బల్లమీద బోర్లించి ఉంటుంది. తలుపు చప్పుడైతే లేవకుండానే, బ్రహ్మముడి కావ్య మీంచి కళ్ళు తిప్పకుండానే, “చారు వేడిచేసుకో బావూ” అంటుంది.